డిప్లొమా ఆఖరి ఆరు నెలలు

మా అన్నయ్య కూతురు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతోంది. అయిదో సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన మర్నాడే నాకు ఫోన్ చేసి, "అత్తా, ట్రైనింగ్‌కు వెళ్లమంటావా, ఈసెట్ కోచింగ్‌లో చేరమంటావా?" అని అడిగింది. రెండింటికీ పోటీ ఎందుకు వచ్చిందని నేను అడిగేలోపే తనే వివరించింది. ఆరో సెమిస్టర్ మొత్తం ఇండస్ట్రియల్ ట్రైనింగే. డిప్లొమా వాళ్లు నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరడానికి రాసే ఈసెట్ వేసవిలో వస్తుంది. తన తరగతిలో చాలామంది ఏదో ఒక చిన్న వర్క్‌షాపులో పేరు రాయించుకుని, హాజరు కాగితాల మీద సంతకాలు మాత్రం తెచ్చుకుని, ఆ ఆరు నెలలూ కోచింగ్ సెంటర్‌లో కూర్చోవాలని నిర్ణయించుకున్నారట. తానొక్కతే నిజంగా ట్రైనింగ్‌కు వెళితే ర్యాంకులో వెనకబడిపోతానేమోనని దాని భయం.

ఫోన్‌లో నేను చెప్పిన జవాబు సరిపోలేదని నాకే అనిపించింది. అందుకే తనకూ, ఇదే ప్రశ్నతో ఉన్న మిగతా పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను కూడా పదో తరగతి తరువాత మెకానికల్ డిప్లొమా చదివి, ఒక ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసి, ఆ తరువాతే ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరినదాన్ని. ఆ మూడింటిలో దేన్నీ మరొకదానికి మెట్టుగా మాత్రమే చూడకూడదని నా నమ్మకం. ముఖ్యంగా డిప్లొమా చివరి ఆరు నెలలను సంతకాలకు అమ్ముకోకూడదని చాలా గట్టిగా నమ్ముతాను.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పూర్తయిన పిల్లవాడి ముందు రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది ఇంటర్ ఎం.పి.సి. చదివి, ప్రవేశ పరీక్ష రాసి బి.టెక్. మొదటి సంవత్సరంలో చేరడం. రెండోది 120 మార్కుల పాలిసెట్ రాసి, మూడేళ్ల డిప్లొమాలో చేరడం. మా రోజుల్లో ఆ పరీక్షను సీప్ అనేవారు. అంతకు ముందు తరంలో సివిల్ డిప్లొమాను ఎల్.సి.ఇ. అనీ, మెకానికల్ డిప్లొమాను ఎల్.ఎం.ఇ. అనీ పిలిచేవారు, పాత ఇంజనీర్ల ఇంటి నామఫలకాల మీద ఆ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. డ్రాయింగ్‌ను చదివి పని చేయించగలిగిన మనిషిని, అంటే డ్రాయింగ్‌కూ, అందులోని వస్తువును తయారుచేసే కార్మికుడికీ మధ్య నిలబడగలిగిన మనిషిని తయారుచేయడం ఆ చదువు ఉద్దేశం. ఈనాటికీ మన ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల్లో అసిస్టెంట్ ఇంజనీరు పోస్టుకు కనీస అర్హత డిప్లొమా, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పోస్టుకు డిగ్రీ. రెండు చదువుల ఉద్దేశాలు వేరు వేరని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాను. డిప్లొమాను "ఇంటర్‌కు బదులు" అని చూసేవారు ఈ తేడాను మొదటి రోజే మరచిపోతారు.

పదిహేనేళ్ల వయసులో వర్క్‌షాపులో అడుగు పెట్టడం ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి సంవత్సరంలో మాకు ఇచ్చిన మొదటి జాబ్ (వర్క్‌షాపులో చేసి అప్పగించాల్సిన వస్తువును అలా అంటారు) చదును చేయడం మాత్రమే. చేతిలో పట్టుకుంటే అరచేతికి సరిపోయే మైల్డ్ స్టీల్ పలక, మందం 6 మిల్లీమీటర్లు. దాన్ని బల్లకు అమర్చిన బిగింపు పరికరం బెంచి వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్ది, ఒక అంచును తిన్నగా తేవాలి. ఆ పక్క అంచును దానికి సరిగ్గా లంబంగా తేవాలి. వినడానికి అరగంట పని. నాకు మూడు వారాల ప్రాక్టికల్ తరగతులు పట్టింది. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు మొదట ఎడమ చేతి బరువు ఎక్కువగా ఉంటుంది, చివర కుడి చేతి బరువు ఎక్కువవుతుంది. ఆ బరువును తోపు పొడవునా ఒక చేతి నుంచి మరో చేతికి క్రమంగా మార్చుకోవడం తెలియకపోతే ఆకురాయి ఉయ్యాలలా ఊగి, అంచుల దగ్గర ఎక్కువ లోహం పోయి, మధ్యలో గూని మిగులుతుంది. కంటికి అది కనిపించదు. మూలమట్టాన్ని అంచు మీద నిలబెట్టి, వెలుతురు వైపు ఎత్తి చూస్తే, మధ్యలో ఆనుకుని రెండు చివర్లా సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. ఆ వెలుగు గీత మాయమయ్యే వరకూ రుద్దడమే మా పని.

మా వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా పలకను వెలుతురు వైపు ఎత్తి చూసి, "ఇంకా గాలి ఆడుతోందమ్మా" అని తిరిగి ఇచ్చేవారు. ఎక్కడ తప్పు చేశానో చెప్పేవారు కాదు. ఒక రోజు మాత్రం నా వెనక నిలబడి, నా మోచేయి ఎత్తును తన చేత్తో సరిచేసి, వైస్ దవడలు మోచేయి ఎత్తులో ఉండేలా కాళ్ల కింద ఒక చెక్క పలక వేయించారు. ఆ బెంచీలను ఎత్తయిన మగపిల్లల కోసం కట్టారు. అరవై మంది ఉన్న మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. ఆ చెక్క పలక వేసిన తరువాత గూని తగ్గింది. ఆకురాయి పళ్ల మధ్య ఇనుప రజను ఇరుక్కుని జాబ్ మీద గీతలు పెడుతుంటే, పళ్లకు సుద్ద పూసుకుని రుద్దమని చెప్పిందీ ఆయనే. ఆ ఏడాది చివర "వి" ఆకారపు జత చేసేటప్పుడు, ఒక పలకలో కోసిన గాడిలోకి రెండో పలక మీది మొన వెళ్లి కూర్చున్నప్పుడు, రెండింటి మధ్య నుంచి వెలుగు రాని చోటు ఒక్కటైనా ఉంటే ఎంత సంతోషంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

ఇంతా చేసి నేర్చుకున్నది ఆకురాయి పట్టడమేనా అని మా నాన్న కూడా ఒకసారి అడిగారు. ఈనాడు ఏ కార్ఖానాలోనూ ఇంజనీరు ఆకురాయి పట్టుకుని కూర్చోడు. ఆ పని వల్ల నాకు వచ్చింది కొలత మీద నమ్మకం, నా కంటి మీద అపనమ్మకం. చదునుగా ఉన్నట్టు కనిపించడం వేరు, చదునుగా ఉండడం వేరు అన్న సంగతి పదిహేనేళ్లకే చేతుల్లోకి ఎక్కింది. తరువాత నేను చదివిన ఏ ఇంజనీరింగ్ పాఠమూ దీన్ని దాటి వెళ్లలేదు.

రెండో సంవత్సరంలో లేత్ మీద, అంటే కడ్డీని తిప్పుతూ తరిగే యంత్రం మీద, జరిగిన ఒక సంఘటన చెప్పకుండా ఉండలేను. 25 మిల్లీమీటర్ల వ్యాసానికి కడ్డీని తరగాలి. కొలత ఆ 25 కంటే ఏమాత్రం తగ్గకూడదని డ్రాయింగ్‌లో ఉంది. తరగతి ముగిసే వేళ అయింది. గట్టిగా నాలుగు కోతలు తీసి, ఆపి, మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూశాను. సరిగ్గా 25.00 వచ్చింది. రెండు సార్లు చూశాను, పక్కనున్న స్నేహితురాలికి చూపించాను, పేరు చెక్కి అప్పగించాను. మర్నాడు ఉదయం ఇన్‌స్ట్రక్టర్ గారు అదే జాబ్‌ను, అదే మైక్రోమీటర్‌ను నా చేతికిచ్చి కొలవమన్నారు. 24.99 వచ్చింది. గీత కూడా ఆ 24.99 కంటే ఒక వెంట్రుకవాసి కిందికే ఉంది. "ఏమ్మా, రాత్రికి రాత్రి ఇనుము ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

నాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం కాదు, తెలిసిన జవాబు ఇక్కడ పనికివస్తుందని తట్టలేదు. లోహాలు వేడికి వ్యాకోచిస్తాయని ఎనిమిదో తరగతి నుంచీ రాస్తూనే ఉన్నాను. రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారన్న ప్రశ్నకు మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రోజు నన్ను నల్లబల్ల దగ్గరికి పంపి లెక్క కట్టించారు. ఉక్కు ప్రతి డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. నేను కొలిచినప్పుడు ఆ జాబ్, తాకి వెంటనే చెయ్యి తీసేయవలసినంత వేడిగా ఉంది. గది వేడి కంటే 40 డిగ్రీలు ఎక్కువనుకుందాం. 25ను 12తోనూ, 40తోనూ గుణించి, పది లక్షలతో భాగిస్తే 0.012 మిల్లీమీటర్లు వస్తుంది. మైక్రోమీటర్ మీద ఒక్క గీత విలువ 0.01. పోయిన ఇనుము అదే. కొలతలన్నిటికీ 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణిక ఉష్ణోగ్రతగా ప్రపంచమంతా ఎందుకు పెట్టుకుందో ఆ తరువాత పుస్తకంలో చదివినప్పుడు, ఆ వాక్యం కింద గీత గీయవలసిన అవసరం నాకు కలగలేదు.

డిప్లొమా గొప్పదనమంతా ఇందులోనే ఉందని నేననుకుంటాను. సూత్రం ముందు వచ్చి, దానికి ఉదాహరణగా ప్రయోగం తరువాత రావడం డిగ్రీ పద్ధతి. డిప్లొమాలో తప్పు ముందు జరుగుతుంది, ఆ తప్పుకు కారణం వెతుకుతూ సూత్రం దగ్గరికి వెళతాం. ఈ రెండో దారిలో వచ్చిన సూత్రం ఎన్నటికీ మరుపు రాదు.

అయితే డిప్లొమా చదువులో లోపాలు లేవని చెబితే అది మా మేనకోడలికి నేను చేసే అన్యాయం అవుతుంది. నేను చదివిన కళాశాలలో ఎనిమిది లేత్‌లు ఉండేవి, వాటిలో నడిచేవి మూడు. ఒక్కో లేత్ దగ్గర పది మందికి పైగా నిలబడితే, చక్‌లో, అంటే లేత్ పట్టులో, కడ్డీ బిగించే అవకాశం ఒక విద్యార్థికి నెలకు రెండు సార్లు వచ్చేది. ధైర్యం ఉన్న నలుగురూ పని చేస్తుంటే మిగతావాళ్లు చూసి రికార్డు రాసేవారు, ఆ రికార్డు కూడా పాత బ్యాచ్ రికార్డు చూసి దించినదే. ఇక లెక్కల సంగతి. మా డిప్లొమా గణితంలో మాత్రికలు, త్రికోణమితి, అవకలనం, సమాకలనం, అవకల సమీకరణాలు అన్నీ ఉండేవి. కానీ ప్రశ్న వచ్చే తీరు తెలిసిపోయిన తరువాత, పద్ధతి కంఠస్థం చేసి జవాబు రాయడమే మిగిలింది. దూలం వంపుకు సంబంధించిన సమీకరణాన్ని నేను నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ ఊహల మీద నిలబడిందో మాత్రం బి.టెక్.లో చేరేవరకూ తెలియదు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిషు పుస్తకాలు మరో కష్టం. మా తరగతిలో తెలివైన పిల్లలే మొదటి ఏడాది తప్పడానికి అదే పెద్ద కారణం.

ఈ లోపాలన్నిటికీ కొంతవరకు మందు ఆ చివరి ఆరు నెలల్లోనే ఉంది. అందుకే వాటిని వదులుకోవద్దని అంటున్నాను.

నేను ట్రైనింగ్‌కు వెళ్లిన చోట మొదటి నెలంతా నన్ను తనిఖీ విభాగంలో కూర్చోబెట్టారు. కంచు రంగు ట్రేలలో రంధ్రాలున్న భాగాలు వస్తుంటాయి. నా చేతిలో ప్లగ్ గేజ్ ఉంటుంది. దానికి రెండు కొనలు. ఒక కొన రంధ్రంలోకి వెళ్లి తీరాలి, రెండో కొన వెళ్లకూడదు. రెండూ వెళితే రంధ్రం పెద్దదైపోయినట్టు, రెండూ వెళ్లకపోతే చిన్నదిగా ఉన్నట్టు. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అని డ్రాయింగ్‌లో రాసి ఉంటే, ఆ రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా ఎంత ఉన్నా ఒప్పుకుంటారు. ఈ సంఖ్యలను పట్టికలో చూసి పరీక్షలో రాశాను. కానీ ఆ 21 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఖాళీని ఎవరో కూర్చుని నిర్ణయించారనీ, దాన్ని పదికి తగ్గిస్తే ఆ భాగం ఖరీదు పెరుగుతుందనీ, ముప్పైకి పెంచితే లోపలి షాఫ్ట్, అంటే ఇరుసు, వదులుగా ఆడుతుందనీ ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే అర్థమైంది. సాయంత్రానికి వెళ్లనివి ఒక ట్రేలోకి, ఎక్కువగా వెళ్లేవి మరో ట్రేలోకి చేరేవి. మొదటి ట్రేలోనివి తిరిగి మెషీన్ మీదికి పోయి బాగుపడతాయి. రెండో ట్రేలోనివి తుక్కులోకి పోతాయి. కోత ఎప్పుడూ తక్కువ వైపు నుంచి మొదలుపెట్టాలని ఇన్‌స్ట్రక్టర్ గారు ఎందుకు పోరేవారో ఆ రెండు ట్రేలను పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. మూడు పని చేసే లేత్‌లున్న కళాశాల నాకు ఇది చూపించలేదు, చూపించగలిగేది కూడా కాదు.

ఇప్పుడు డిప్లొమా తరువాతి రెండు దారుల గురించి, తెలుసుకోవలసిన వివరాలతో సహా.

ఈసెట్‌లో 200 ప్రశ్నలు, 3 గంటల సమయం ఉంటుంది. గణితానికి 50, భౌతిక శాస్త్రానికి 25, రసాయన శాస్త్రానికి 25 పోగా, మిగిలిన 100 ప్రశ్నలూ మనం చదివిన బ్రాంచ్ నుంచే వస్తాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ర్యాంకు వచ్చినవారు బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరతారు. సగం పరీక్ష బ్రాంచ్ మీదే నడుస్తుందన్న సంగతిని చాలామంది పిల్లలు గమనించరు. మూడేళ్లూ తరగతిలో శ్రద్ధగా కూర్చున్నవారు ఆ సగానికి అప్పటికే సిద్ధమయ్యారు. నాలుగో సెమిస్టర్ నుంచి రోజూ సాయంత్రం గంటన్నర చొప్పున గణితాన్నీ, మొదటి సంవత్సరంతో వదిలేసినట్టయిన రసాయన శాస్త్రాన్నీ చూసుకుంటే, ఆఖరి ఆరు నెలలను పూర్తిగా కోచింగ్‌కు ఇవ్వవలసిన అవసరం రాదు. ట్రైనింగ్ నుంచి వచ్చి అలసటతో చదవడం కష్టమే. నేను కాదనను. కానీ అది ఆరు నెలల కష్టం.

రెండోది అప్రెంటిస్‌షిప్. దీని గురించి మన ఇళ్లలో తెలిసినది తక్కువ కనుక కొంచెం వివరంగా చెబుతాను. మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. మొదట అది ఐ.టి.ఐ. తరహా వృత్తులకే వర్తించేది. 1973లో చేసిన సవరణతో డిగ్రీ, డిప్లొమా వారిని కూడా అందులోకి తీసుకున్నారు. డిప్లొమా వారిని టెక్నీషియన్ అప్రెంటిస్ అంటారు. శిక్షణ కాలం సాధారణంగా ఒక ఏడాది. దీన్ని నడిపే జాతీయ పథకాన్ని నాట్స్ అంటారు. దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దక్షిణాది రాష్ట్రాల బాధ్యత చెన్నైలో ఉన్న ప్రాంతీయ బోర్డుది. 2019లో సవరించిన నిబంధనలు డిప్లొమా వారికి నెలకు కనీసం 8,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. ఆ కనీస మొత్తంలో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. దానికంటే ఎక్కువ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా తన సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఏడాది పూర్తయ్యాక ధ్రువపత్రం ఇస్తారు. ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం మాత్రం లేదు. ఈ ఒక్క మాట ముందే తెలుసుకుని వెళ్లినవారికి తరువాత నిరాశ ఉండదు. తెలియక వెళ్లినవారు ఆ ఏడాదిని వృథా అయినట్టు చెప్పుకుంటారు.

నాకు ఆ ఏడాది మెయింటెనెన్స్ విభాగంలో గడిచింది. అక్కడి ఫోర్‌మన్ గారు చదువుకున్నది ఐ.టి.ఐ. ఫిట్టర్ ట్రేడ్. ముప్పై ఏళ్ల అనుభవం. పంపు నడుస్తుండగా దాని బేరింగ్ హౌసింగ్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. "ఇది ఇంకో వారం ఆగదు" అంటే ఆగేది కాదు. చేరిన రెండో నెలలో ఆయన నా చేత ఒక కొత్త బేరింగ్‌ను షాఫ్ట్ మీదికి ఎక్కించారు. షాఫ్ట్ వ్యాసం బేరింగ్ రంధ్రం కంటే కొద్దిగా ఎక్కువే ఉంటుంది. సుత్తితో కొట్టి ఎక్కిస్తే లోపలి గుండ్లూ వాటి దారులూ దెబ్బతింటాయి. అందుకని బేరింగ్‌ను నూనెలో వేడి చేస్తారు. నూనె 120 డిగ్రీలు దాటకుండా చూస్తుండమని థర్మామీటర్ నా చేతికిచ్చారు. 110 దగ్గర తీయించి, తోలు చేతి తొడుగులతో పట్టుకుని తోయమన్నారు. అంతకు ముందు బిగుతుగా నిలబడిపోయిన బేరింగ్ ఇప్పుడు గాజు చేతికి ఎక్కినట్టు జారి వెళ్లి షాఫ్ట్ మీది మెట్టుకు ఆనుకుంది. చల్లబడేవరకూ వదలకుండా నొక్కి పట్టుకోమన్నారు. చేతి కిందే అది బిగుసుకోవడం తెలిసింది.

ఆ రాత్రి గదికి వెళ్లి లెక్క కట్టుకున్నాను. 50 మిల్లీమీటర్ల రంధ్రం, 80 డిగ్రీల పెరుగుదల, అదే 12. వచ్చింది 0.048 మిల్లీమీటర్లు. రెండో సంవత్సరంలో నా జాబ్‌ను పాడుచేసిన వ్యాకోచమే ఇక్కడ పని చేసిపెడుతోంది. ఆ మనిషికి ఈ లెక్క తెలియదు, నాకు ఆయన చేయి తెలియదు. మర్నాడు కాగితం చూపిస్తే ఆయన చాలా శ్రద్ధగా చూసి, "మరి వందా పది చాలని నేననుకున్నది సరిపోయిందన్నమాట" అన్నారు. ఆ కాగితాన్ని మడిచి తన టూల్ బాక్స్ మూత లోపల అంటించుకున్నారు. నా చదువుకు దక్కిన గౌరవాల్లో దాన్ని మించినది నాకు గుర్తు లేదు.

ఏడాది తరువాత బి.టెక్. రెండో సంవత్సరంలో చేరినప్పుడు నా కంటే ఏడాది చిన్నవాళ్లతో కలిసి కూర్చున్నాను. ఇంటర్ నుంచి వచ్చిన వాళ్లు సమాకలనాన్ని కూడికలా చేసేవారు. వాళ్లు మొదటి సంవత్సరంలో చదివిన ప్రోగ్రామింగ్ నాకు పూర్తిగా కొత్త. మొదటి సెమిస్టర్‌లో గణితం గట్టెక్కడానికి నా పక్కన కూర్చున్న అమ్మాయి రోజూ సాయంత్రం ఒక గంట కేటాయించి నాకు పాఠం చెప్పింది. దూలం వంపు సమీకరణం ఉత్పాదనను తను నల్లబల్ల మీద చేసి చూపించిన రోజు, ఇన్నేళ్లుగా నేను కంఠస్థం చేసిన ఆ మూడు సమానతల వెనక, వంగేటప్పుడు దూలం పైపొర కుదించుకుపోయి కింది పొర సాగుతుందనీ, మధ్యలో ఏ మార్పూ లేని ఒక పొర ఉంటుందనీ, అన్నీ ఆ పొర నుంచే కొలుస్తారనీ మొదటిసారి స్పష్టమైంది. డిగ్రీ ఇచ్చేది అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే డిప్లొమా మిత్రులతో నేను ఏకీభవించను. ప్రయోగశాలలో మాత్రం మా ఇద్దరి స్థానాలూ మారిపోయేవి. షాఫ్ట్‌ల అమరిక చూసేటప్పుడు షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి డయల్ గేజ్ ముల్లు 0.20 మిల్లీమీటర్ల తేడా చూపిస్తే, అసలు పక్కకు జరిగింది దానిలో సగమేనని నేను తనకు చూపించాల్సి వచ్చింది. తనకు సూత్రం ఒకసారి చెబితే చాలేది, నాకు యంత్రం ఒకసారి చూస్తే చాలేది.

కాబట్టి, అమ్మలూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ట్రైనింగ్‌కు వెళ్లు, ఆరు నెలలూ వెళ్లు. ఎక్కడికి వెళ్లాలో నువ్వే ఎంచుకునే వీలుంటే, పెద్ద పేరున్న సంస్థ కంటే నీ చేతికి పని ఇచ్చే సంస్థను ఎంచుకో. వెళ్లి చేరే ముందు అక్కడ ఇప్పటికే ఉన్న ట్రైనీలను అడుగు, రోజంతా ఏం చేస్తున్నారని. ఫైళ్లు మోస్తున్నామని చెబితే ఇంకోచోటు చూడు. ఈసెట్‌కు దరఖాస్తు చెయ్యి, రాయి. ర్యాంకు మంచిదైతే, నీకు చదవాలని ఉంటే చేరు. రాకపోతే నాట్స్‌లో నమోదు చేసుకుని, ఏడాది పని నేర్చుకుని, మరుసటి ఏడు మళ్లీ రాయి. నేనూ ఏడాది పని చేశాకే ఈసెట్ రాశాను. ఏడాది ఆలస్యమైందని నన్ను ఇంతవరకూ ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ తప్పు పట్టలేదు. బేరింగ్ ఎలా ఎక్కిస్తావని మాత్రం అడిగారు. బి.టెక్., అప్రెంటిస్‌షిప్ రెండింటిలో ఏది ముందో ఈ రోజు తేల్చుకోనక్కరలేదు. యంత్రాల మధ్య ఆరు నెలలు గడిపితే, వాటి వెనకున్న లెక్క తెలుసుకోవాలనిపిస్తోందా, వాటి దగ్గరే ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తోందా అన్నది నీకే తెలిసిపోతుంది.

అన్నయ్యతో నిన్న మాట్లాడాను. వాడి బెంగ ర్యాంకు గురించి కాదట, ఆడపిల్ల ఒక్కతే కార్ఖానాకు వెళ్లి రావడం గురించి. అది నాకు తెలియని బెంగ కాదు, మా నాన్నకూ ఉండేది. పగటి పూట నడిచే జనరల్ షిఫ్ట్‌లో వేయమని ముందే కళాశాల ద్వారా లేఖ రాయించుకోవాలనీ, నివాసం సంగతి చేరకముందే తేల్చుకోవాలనీ చెప్పాను. మొదటి వారం తానే దిగబెట్టి తీసుకొస్తానన్నాడు.

నా పాత ట్రైనింగ్ డైరీ పంపమని మేనకోడలు అడిగింది. అటక మీది పెట్టెలో దొరికింది. మొదటి పేజీలో గొప్ప విషయాలేమీ లేవు. షిఫ్ట్ మొదలయ్యే సమయం, టోకెన్ నంబరు, మూడు మెషీన్ల పేర్లు, ప్లగ్ గేజ్ బొమ్మ ఒకటి ఉన్నాయి. దాని కింద, "వెళ్లని కొనకు ఎర్ర రంగు ఎందుకు పూస్తారో అడగాలి" అని రాసుకున్నాను. రేపు పోస్టు చేస్తున్నాను.